పిడుగుల రచయితకు చేసిన రైఫిల్

డెల్ బ్రానిగర్‌ని ఇంగా హోల్టే తిట్టని నెల లేదు. అయినా ఆయన రాసిన ముక్క ఒక్కటి కూడా ఆమె చదవకుండా వదల్లేదు. వేట పత్రిక పోస్టులో రాగానే ముందు ఆయన పేజీయే తీసేది. కుర్చీలో కూర్చుని చదవడానికి అది తగదన్నట్టు నిలబడే చదివేది. చదవడం అయ్యాక పత్రికను పనిబల్ల మీద పడేసి, "మళ్లీ పిడుగు పడింది" అనేది.

బ్రానిగర్ రాతల్లో ఏ జంతువూ మామూలుగా చావదు మరి. ఎల్క్ దుప్పి అయినా, ఎలుగుబంటి అయినా, ఆయన భారీ రైఫిల్ పేలిందంటే పిడుగు పడ్డట్టు ఉన్నచోటే కూలిపోవాలి. లోయకు ఈ ఒడ్డున ఆయన, ఆ ఒడ్డున జంతువు. మధ్యలో గాలి లేదు, వాన లేదు, తప్పిపోయిన గుండు అసలే లేదు.

తమ్ముడు నెల్స్‌కి మాత్రం బ్రానిగర్ దేవుడు. మోంటానాలోని బిటర్‌రూట్ లోయలో, పశువుల దాణా కొట్టు వెనక, అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి రైఫిళ్లు చేసేవారు. గొట్టం, ట్రిగ్గర్, ఇనుప పని అంతా నెల్స్‌ది. రైఫిల్‌కి పట్టుగా, భుజానికి ఆనేలా అమర్చే కర్ర పని ఇంగాది. మొద్దుగా వచ్చిన అక్రోటు చెక్కను ఉలితో, ఆకురాయితో అరగదీసి, ఎవరి రైఫిల్ వారి భుజంలో ఒదిగిపోయేలా ఆమె తీర్చిదిద్దేది. తోబుట్టువులు ఆస్తి దగ్గర తగువు పడతారంటారు. వీళ్లకి ఆస్తి దగ్గర ఏ పేచీ లేదు. పేచీ అంతా బ్రానిగర్ దగ్గరే.

ఇంగా అభిమాన రచయిత క్లెమెంట్ ఆర్డ్‌వే. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది. ఆర్డ్‌వే వేట గురించి రాస్తే అందులో తడిసిన మేజోళ్లుంటాయి, జేబులో నలిగిన రొట్టెముక్క ఉంటుంది, గాలి మారిందని వెనక్కి తిరిగి కొండంతా చుట్టివచ్చిన నడక ఉంటుంది. కాల్పు దగ్గరికి వచ్చేసరికి అర వాక్యంలో ముగించేవాడు. "మీ ఆర్డ్‌వే తుపాకీ పేల్చేలోపు నాకు నిద్ర పట్టేస్తుంది" అని నెల్స్ ఎగతాళి చేసేవాడు. మీ దేవుడు నిద్ర లేపడానికే పేలుస్తాడు, చూసి రాయడానికి కాదు అని ఆమె తిప్పికొట్టేది.

బ్రానిగర్ మీద ఆమెకు ఊరికే కోపం రాలేదు. ఆమె జీవితమంతా ఏడు మిల్లీమీటర్ల గుండు పేల్చే రైఫిల్‌తోనే వేటాడింది. చిన్న గుండు, తేలికైన తుపాకీ, పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నదు. దాంతోనే ఏటా శీతాకాలానికి సరిపడా ఎల్క్ మాంసం ఇంటికి తెచ్చేది. ఆ గుండు కుందేళ్లకీ కొత్త పెళ్లికూతుళ్లకీ మాత్రమే పనికొస్తుందని బ్రానిగర్ ఒకసారి రాశాడు. దేశమంతా నవ్వింది. ఆ నవ్వునైనా ఆమె భరించేది. కానీ ఒక శరదృతువులో, ఆయన రాతలు చదివి భారీ రైఫిల్ కొన్న ఎవరో పట్నం వేటగాడు, దాని తన్నుకి భయపడి కళ్లు మూసుకుని కాల్చినట్టున్నాడు, పొట్టలో గుండు దిగిన ఎల్క్ ఒకటి కొండ దిగి వచ్చి ఆమె గడ్డిపొలం కంచె దగ్గర పడి ఉంది. దాన్ని బాధ నుంచి విడిపించింది ఇంగాయే. ఆ రోజునుంచి బ్రానిగర్ పేరు ఎవరైనా పొగిడితే ఆమె ఊరుకునేది కాదు.

1986 వసంతంలో, కొండల మీద మంచు ఇంకా కరుగుతుండగా, ఆ బ్రానిగరే దుకాణం తలుపు తోసుకుని వచ్చాడు.

పత్రికలో ఫొటో చూసి చూసి ఉండబట్టి ఇద్దరూ వెంటనే గుర్తుపట్టారు. ఫొటోలో కన్నా మనిషి చిన్నగా ఉన్నాడు. డెబ్బై దాటాడు. కరచాలనానికి ఎడమ చెయ్యి ఇచ్చాడు. నెల్స్ చేతిలో ఉన్న గొట్టాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడిపోయాడు. కుర్చీ తుడిచాడు, కాఫీ పోశాడు, ఆయన ఎలుగుబంటి కథ తాను ఎన్నిసార్లు చదివాడో చెప్పాడు. బ్రానిగర్ మర్యాదగా విన్నాడు గానీ ఆయన కళ్లు మాత్రం గోడకి ఆనించి ఉన్న ఇంగా కర్రల మీదే ఉన్నాయి.

కాసేపటికి అసలు సంగతి బయటపెట్టాడు. కుడి భుజానికి ఆపరేషన్ అయింది. జీవితమంతా తిన్న తన్నులకి లోపలి ఎముక అరిగిపోయిందట. ఇక పెద్ద రైఫిల్ ముట్టుకుంటే చెయ్యి పైకి లేవదని డాక్టరు తెగేసి చెప్పాడు. వేట మానడం ఆయన వల్ల కాదు. అందుకని తేలికైన రైఫిల్ ఒకటి కావాలి. గొట్టం నెల్స్ చెయ్యాలి, కర్ర ఇంగా చెయ్యాలి. ఎన్ని మిల్లీమీటర్లదో చెప్పేటప్పుడు ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పాడు.

ఏడు.

నెల్స్ నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

"ఇది మన ముగ్గురి మధ్యే ఉండాలి," అన్నాడు బ్రానిగర్. "కర్ర మీద మీ గుర్తు కూడా వద్దు. ఎవరైనా చూస్తే ఎక్కడిదని అడుగుతారు."

ఇంగా చేతిలో ఉలి పక్కన పెట్టింది. "నేను చేసిన ప్రతి కర్రకీ నా పేరు ఉంటుంది. పేరు లేనిది కావాలంటే ఫ్యాక్టరీ వాడు అమ్ముతాడు. ఏ కొట్లోనైనా దొరుకుతుంది."

"మీకు నా ఇబ్బంది అర్థం కావడం లేదు."

"అయింది. ఏడు మిల్లీమీటర్లది కుందేళ్లకీ కొత్త పెళ్లికూతుళ్లకీ అని మీరే రాశారు. మీరు కుందేలు కాదు. పెళ్లికూతురైతే అసలే కాదు. మరి ఏమని చెప్పుకుంటారు, అదేగా మీ ఇబ్బంది?"

నెల్స్‌కి పొలమారింది. దగ్గుకుంటూ వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

బ్రానిగర్ ముఖం ఎర్రబడింది. తనతో ఈ పదేళ్లలో ఎవరూ ఇలా మాట్లాడలేదన్నాడు. అందుకే ఇలా తయారయ్యారని ఇంగా అంది. తన దగ్గరికి పశువుల కాపరి వచ్చినా, గవర్నరు వచ్చినా, పట్టపగలు అందరి ముందూ పట్టుకు తిరిగే రైఫిలే చేసిస్తానని, దాచుకునే వస్తువు తన చేత్తో చెయ్యనని చెప్పింది. ఆయన టోపీ తీసుకుని లేచాడు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

తరవాత వారం రోజులూ నెల్స్ అక్కతో మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా కుక్క ద్వారా చెప్పించేవాడు. "గస్, కాఫీ పెడుతున్నాను, కావాలేమో మీ అత్తని అడుగు" అనేవాడు. ఇంగా కూడా తక్కువ తినలేదు. "గస్, మీ నాన్నకి దేవుడు ఇంటికి వచ్చి వెళ్లాడు, ఉపవాసాలు చేసుకోమను" అనేది. కుక్క ఇద్దరి మొహాలూ చూసి పొయ్యి దగ్గరికి పోయి పడుకునేది.

వేసవి మొదట్లో బ్రానిగర్ మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇడాహోలో ఒక కర్ర పనివాడి దగ్గరికి, వయోమింగ్‌లో ఇంకొకరి దగ్గరికి వెళ్లానన్నాడు. "కర్ర భుజంలో ఇమడాలంటే హోల్టే దగ్గరికే వెళ్లమని ఇద్దరూ ఒకే మాట అన్నారు," అన్నాడు. "ఇద్దరూ మిమ్మల్ని చూసి కుళ్లుకునేవాళ్లే. అయినా అన్నారు."

ఆ మాటకి ఇంగా మనసు నిండినట్టయింది. ఆ ఇద్దరి పనీ ఆమెకు తెలుసు. చులకనగా తీసెయ్యాల్సిన వాళ్లు కాదు. కానీ పైకి మాత్రం తల ఊపి, కూర్చోమంది.

పేరు వేసుకోవచ్చని ఆయన ఒప్పుకున్నాడు. రైఫిల్‌ని దాచనని కూడా అన్నాడు. "కానీ నేనేం రాయాలో మీరు చెప్పకూడదు. కలం నాది."

"మీ కలం నేనెందుకు అడుగుతాను?" అంది ఇంగా. "నాకది ఎప్పుడూ నచ్చలేదు."

ఆ వేసవంతా ఆయన కొలతలకి వస్తూ పోతూ ఉన్నాడు. ఆమె ఆయన మెడ పొడవు, చెయ్యి పొడవు, చెంప ఎత్తు కొలిచింది. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తమనేది, తరవాత కళ్లు తెరవమనేది. చూపు సరిగ్గా గురి మీద లేకపోతే కర్ర మళ్లీ పనిబల్ల మీది బిగింపులోకి వెళ్లేది. ఎక్కువ సేపు చెయ్యి ఎత్తి ఉంచితే ఆయనకి చెమటలు పట్టేవి. నొప్పి అని ఒక్కసారీ అనలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనంటే ఆమెకు గౌరవం కలిగింది.

ఒక మధ్యాహ్నం ఆయనే అడిగాడు, తన రాతలు ఎందుకు నచ్చవని. ఇంగా ఆకురాయి ఆపకుండానే చెప్పింది. కంచె దగ్గర పడి ఉన్న ఎల్క్ గురించి చెప్పింది. పిడుగుల గురించి చెప్పింది. తాను ఇన్నేళ్లలో ఇన్ని ఎల్క్‌లు కొట్టినా ఒక్కటి కూడా పిడుగు పడ్డట్టు పడలేదని, గుండె దగ్గర తగిలినా నాలుగడుగులు వేసి, నిలబడి, ఆలోచించుకున్నట్టు ఆగి, అప్పుడు పడుకుంటాయని చెప్పింది. అది చదివిన వాడికి తెలియాలి, తెలియకపోతే కాల్చగానే పడలేదు కదా, తగల్లేదేమోలే అనుకుని ఇంటికి పోతాడు అంది.

మరి ఎవరు నచ్చుతారని బ్రానిగర్ అడిగాడు. ఆర్డ్‌వే పేరు చెప్పింది.

"క్లెమ్ ఆర్డ్‌వేతో ఒక సీజనంతా తిరిగాను, కుర్రాడిగా ఉన్నప్పుడు," అన్నాడాయన. "ఎలా రాసేవాడో అలాగే నడిచేవాడు. మెల్లగా. విసుగుతో సగం చచ్చాను." అంతలోనే, "నాకన్నా మంచి రచయిత. ఆ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. మీ తమ్ముడికి చెప్పకండి," అన్నాడు.

ఇంగాకి నవ్వు వచ్చింది. ఆయన ముందు ఆమె నవ్వడం అదే మొదలు.

సెప్టెంబరు చివరికి రైఫిల్ పూర్తయింది. నల్లటి చారలు పొగలా పాకిన అక్రోటు చెక్క, నూనె పట్టించి పట్టించి అరచేతితో రుద్దిన నునుపు. తన చేతి నుంచి వచ్చిన వాటిలో ఇదే మేలైనదని ఇంగాకి తెలుసు. ఇది ఈ మనిషికి దక్కాలా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ చేసేది చేయించుకునే వాణ్ణి బట్టి తగ్గదు. కర్ర చివర భుజానికి ఆనే ఇనుప పలక విప్పి, దాని మీద తన పేరు చెక్కి, మళ్లీ బిగించింది.

బ్రానిగర్‌కి ఆ ఏడు ఆడ ఎల్క్‌కి పర్మిట్ వచ్చింది. తనతో కొండకి వస్తారా అని ఇంగాని అడిగాడు. రైఫిల్ ఎలా పనిచేస్తుందో చూడాల్సిన బాధ్యత తనదేనంటూ ఆమె ఒప్పుకుంది. నెల్స్ కూడా వస్తానన్నాడు గానీ, దేవుడి పక్కన భక్తుడుంటే దేవుడు సరిగ్గా కాల్చడని చెప్పి దుకాణంలోనే ఉంచేసింది.

నవంబరులో, కొత్త మంచు పడిన ఉదయం, ఇద్దరూ మిగతా వేటగాళ్ల కంట పడేలా నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని ఆమె ఇంటి వెనక కొండ ఎక్కారు. పొద్దెక్కేసరికి లోయ అవతలి వాలు మీద మంద కనిపించింది. బ్రానిగర్ అలవాటు ప్రకారం అక్కడికక్కడే ఒక బండ వెతుక్కుని రైఫిల్ ఆనించడం మొదలుపెట్టాడు.

"ఇక్కణ్ణించి కాదు," అంది ఇంగా.

"నేను ఇంతకన్నా దూరం నుంచి కొట్టాను."

"కొట్టారని రాశారు. లేవండి. దగ్గరికి వెళదాం."

ఆయన ఆమె వంక చూశాడు. రైఫిల్ తీసుకుని లేచాడు.

గాలి కింద నుంచి వీస్తోంది. ఆ గాలికి మనిషి వాసన మందకి తగలకుండా ఉండాలంటే వాగులోకి దిగి, దేవదారుల వెనక నుంచి చుట్టూ తిరిగి పైకి రావాలి. ఇంగా ముందు నడిచింది. పుల్ల విరిగితే ఆగింది, ఆయన ఊపిరి సర్దుకునే దాకా నిలబడింది, చేయి పట్టుకోలేదు. చేయి పట్టుకుంటే ఆయన సహించడని ఆమెకు తెలుసు. చివరి వాలు మంచులో పాకాల్సి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఒక భుజం సగం పనిచేయనివాడు, రైఫిల్‌ని మోచేతుల మీద పెట్టుకుని మాట్లాడకుండా పాకాడు. కర్రకి మంచు తగలనివ్వలేదు. అది ఇంగా గమనించింది.

శిఖరం అంచున తల ఎత్తేసరికి మంద కూతవేటు దూరంలో ఉంది. మంద అంచున ఒక ముసలి ఆడ ఎల్క్ మంచు కింద గడ్డి తవ్వుకుంటోంది. దాని ముక్కు నుంచి ఆవిరి కనిపిస్తోంది. బ్రానిగర్ రైఫిల్ భుజానికి తీసుకున్నాడు. కర్ర ఆయన చెంపకి వెళ్లి కూర్చున్న తీరు చూసి, వేసవంతా పడ్డ శ్రమ ఇంగాకి ఒక్కసారిగా తీరిపోయింది. వెతుక్కోలేదు, సర్దుకోలేదు. రైఫిల్ ఆయన ఒంట్లో భాగంలా అమరిపోయింది.

పేలింది.

ఎల్క్ కూలిపోలేదు. ఒళ్లు ఒకసారి జలదరించి, నాలుగడుగులు నడిచింది. ఆగింది. చెవులు వెనక్కీ ముందుకీ తిప్పింది. తరవాత ముందు మోకాళ్లు మడిచి, పొద్దుపోయాక పడుకున్నట్టు, మంచులో మెల్లగా పడుకుంది. తల చివరన వాల్చింది.

బ్రానిగర్ చెంప కర్ర మీద నుంచి తియ్యలేదు. రైఫిల్ మీది దుర్భిణిలోంచి చూస్తూనే ఉన్నాడు. ఇంగా రెండో గుండు అక్కర్లేదని చెప్పింది. ఆయన వినిపించుకున్నట్టు లేదు.

"నేను చూశాను," అన్నాడు చివరికి.

ఏమిటని ఆమె అడిగింది.

"అంతా. మొదటినుంచీ చివరిదాకా." ఆయన దుర్భిణి మీంచి కన్ను తీశాడు. "ఆ పెద్ద రైఫిల్ పేలితే ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు ఇంగా గారూ. తన్నుకి గొట్టం పైకి లేచేది. నేను మళ్లీ కిందికి దించేసరికి జంతువు నేల మీద ఉండేది, లేకపోతే చెట్లలోకి వెళ్లిపోయేది, గైడు వెతికి తెచ్చేవాడు. మధ్యలో ఏమయిందో నేనెప్పుడూ చూడలేదు. పిడుగు పడ్డట్టు అని రాసేవాణ్ణి. ఇంకేం రాయాలో తెలియక."

ఇన్నేళ్లూ ఆయన అబద్ధం రాస్తున్నాడని ఇంగా అనుకుంది. చూడనిది రాస్తున్నాడని అనుకోలేదు. రెండింటిలో ఏది ఎక్కువ తప్పో ఆ మంచులో కూర్చుని ఆలోచించబుద్ధి కాలేదు. లేచి, కత్తి తీసి, చీకటి పడేలోపు పని చాలా ఉందని చెప్పింది. ఇద్దరూ కలిసి ఎల్క్‌ని కోశారు. ఆయన ఒంటిచేత్తోనైనా తన వంతు తాను చేశాడు. మాంసం మోసుకెళ్లడానికి ఇంగా కిందికి దిగి పొరుగువాళ్ల గుర్రాలు తెచ్చింది. తిరుగుదారిలో ఎదురైన వేటగాళ్లు బ్రానిగర్‌ని గుర్తుపట్టి, ఏ రైఫిల్ అని అడిగారు. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, రైఫిల్‌ని వాళ్ల చేతికే ఇచ్చాడు. ఏడు మిల్లీమీటర్లు, కర్ర ఈవిడ చేసింది అన్నాడు.

శీతాకాలం చివర్లో పత్రిక వచ్చింది. దుకాణంలో అప్పుడు ఇద్దరు ముగ్గురు ఖాతాదార్లు ఉన్నారు. నెల్స్ పైకి చదివాడు. పైకి చదువుతున్నవాడు మధ్యలో నెమ్మదించాడు. ఎల్క్ నాలుగడుగులు నడిచిన చోట, చెవులు తిప్పిన చోట, మోకాళ్లు మడిచిన చోట ఒక్కో మాటా ఆగి ఆగి చదివాడు. నేను ముప్పై ఏళ్లుగా రాసిన చావులు నేను చూసినవి కావు, ఈ ఒక్కటీ చూశాను అని అందులో ఉంది. రైఫిల్ కర్ర చేసిన చేతి పేరు, ఊరి పేరు కూడా ఉన్నాయి. చదవడం అయ్యాక నెల్స్ పత్రిక మూసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మా దేవుడు మారిపోయాడక్కా," అన్నాడు.

"పోనీలే. మనిషయ్యాడు," అంది ఇంగా.

పత్రికకి కోపంతో ఉత్తరాలు వచ్చాయట. బ్రానిగర్ ముసలివాడైపోయాడని, ఆడవాళ్ల తుపాకీ పట్టాడని కొందరు చందా మానేశారట. ఇంగాకి మాత్రం దూరదూరాల నుంచి ఫోన్లు వచ్చాయి. కర్ర కావాలంటే రెండేళ్లు ఆగాలని నెల్స్ ఫోన్‌లో చెబుతుంటే, ఆ గొంతులో దర్జా విని ఆమె నవ్వుకునేది. ఇడాహో పనివాడు కూడా ఫోన్ చేసి, ఫొటోలో ఆ చెక్క చారలు చూశానని, అలాంటి చెక్క ఎక్కడ దొరికిందని అడిగాడు. చెప్పను అంది. ఆయన పకపకా నవ్వాడు.

ఒకరోజు బ్రానిగరే ఫోన్ చేశాడు. వాతావరణం గురించి, భుజం గురించి, గస్ గురించి మాట్లాడాక, చదివారా అని అడిగాడు. చదివానంది.

"ఎలా ఉంది?"

ఇంగా మొహమాటపడలేదు. "మొదటి పేరా అనవసరం. సూర్యోదయం గురించి అంత అక్కర్లేదు. మంచుకి విశేషణాలు ఎక్కువయ్యాయి. ఆర్డ్‌వే అయితే రెండు ముక్కల్లో తేల్చేవాడు."

అవతల కాగితం మీద కలం గీస్తున్న చప్పుడు వినిపించింది.

"కానీ అది పడుకోవడం ఉంది చూశారా," అంది ఆమె. "అది అలాగే పడుకుంది. నేను అక్కడున్నాను కాబట్టి నాకు తెలుసు. లేని వాళ్లకి కూడా ఇప్పుడు తెలుస్తుంది."

"అయితే ఇప్పుడు నేను మీకు నచ్చిన రచయితనేనా?" అన్నాడాయన, సగం వేళాకోళంగా.

"ఒక్క వ్యాసానికే? మీరు ఇంకా రాయాలి పెద్దాయనా. చదువుతాను. కూర్చుని చదువుతాను."

ఆయన నవ్విన నవ్వు ఫోన్ పెట్టేసేదాకా ఆగలేదు.

ఇంగా ఆ పేజీని పత్రికలోంచి జాగ్రత్తగా కత్తిరించింది. తలుపు పక్కన, లోపలికి వచ్చేవాళ్ల కంటికి ముందుగా ఆనే చోట, నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించింది. వ్యాపారానికి మంచిదని నెల్స్‌తో అంది. నెల్స్ నమ్మలేదు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, వంకరగా ఉందేమోనని తల పక్కకి వాల్చి చూసింది. తన పేరు అచ్చులో బాగానే కనిపిస్తోంది. ఇంకాసేపు చూసి, పనిబల్ల దగ్గరికి వెళ్లి, బిగింపులో ఎదురుచూస్తున్న కొత్త చెక్క మీద ఉలి పెట్టింది.